సింహం ముద్ర తుపాకీ

నాగులకొండ రాజావారికి పాత తుపాకుల పిచ్చి. ఓ ఏడు చెన్నపట్నం వేలంపాటలో జోడుగొట్టాల తుపాకీ ఒకటి కొనుక్కొచ్చి, సభలో అందరికీ చూపించి మురిసిపోయారు.

"దసరా ఎల్లుండే. జమ్మి పూజకి తొలి పేలుడు దీంతోనే. అదీ కొత్తగా వచ్చిన పొగరాని తుపాకీమందుతో!" అన్నారు.

ఆ సంస్థానంలో తొలి పేలుడు రాజే పేల్చాలి. అది ఆచారం.

ఆయుధాల కొట్టు చూసే దస్తగిరి తుపాకీ కింది చెక్క ఊడదీశాడు. గొట్టాన్ని ఓ మూల ఇటుకపొడితో తోమి, నిమ్మచెక్క రుద్దాడు. సన్నటి మెలికల చారలు తేలాయి.

"ప్రభూ, ఇది ఇనుప బద్దీలు చుట్టి అతికిన గొట్టం. పాత నల్ల తుపాకీమందుకైతే సరే. కొత్త మందుకి ఊపెక్కువ, దీని ఒంటికి పడదు. పగిలితే ఇక్కడే పగులుతుంది" అని వేలు పెట్టి చూపించాడు. సరిగ్గా రాజావారి ఎడమచెయ్యి పట్టుకునే చోటది.

ఆస్థానంలో జోగిపంతులని ఒకాయన ఉన్నాడు. చెన్నపట్నంలో భూతద్దం కొనుక్కున్న నాటినుంచి ఆయనకి తెలియని విద్య లేదు. అద్దం కంటికి ఆనించి, గొట్టం మీది కిరీటం పెట్టుకున్న సింహం బొమ్మని చూశాడు.

"లండను ముద్ర! అచ్చమైన ఉక్కు! సింహం అబద్ధమాడుతుందా ప్రభూ?"

సింహం ఏమీ అనలేదు. రాజావారికి పంతులు మాటే నచ్చింది, కొనుక్కున్నది ఆయనే కదా మరి!

దస్తగిరి చేతులు కట్టుకుని, "అదే ముద్ర ఉన్న గొట్టం ఇంకోటుంది ప్రభూ. రేపు తెస్తాను. పంతులుగారు అదీ ఉక్కే అంటే నోరు మూసుకుంటాను" అన్నాడు.

మర్నాడు పట్టుగుడ్డలో చుట్టి తెచ్చాడు. ముద్ర దగ్గర మాత్రం నాలుగంగుళాలు బయటికి ఉంది.

"గుడ్డ విప్పమంటారా పంతులుగారూ?"

"ముద్ర కనపడుతుంటే గొట్టంతో పనేమిటయ్యా?" అని పంతులు అద్దం తీశాడు. చాలాసేపు చూశాడు. "ఆహా! అదే సింహం, అదే కొలిమి. రెట్టింపు మందు కూరినా దీనికి ఈగ వాలినట్టుంటుంది!"

సరిగ్గా అప్పుడే వంటశాల అచ్చమ్మ కొంగు బిగించుకుని సభలోకి వచ్చేసింది.

"ఒరేయ్ దస్తగిరీ! ఒక్క పూట అని పట్టుకెళ్లి నిన్నట్నుంచీ కంటికి కనపడవు! పొగకి నా కళ్లు పోతున్నాయిరా. పొయ్యి దేంతో ఊదను?"

దస్తగిరి మెల్లగా పట్టుగుడ్డ విప్పాడు. మసిపట్టిన ఊదుగొట్టం బయటపడింది.

రాజావారు గొట్టాన్ని చూశారు, పంతుల్ని చూశారు.

"మరి దీనిమీద సింహం?"

"మైనంతో అచ్చు తీసి నిన్న నేనే చెక్కాను ప్రభూ."

"పూటలో సింహం తయారైంది. ఇనుము మాత్రం ఉక్కు కానంది" అని దస్తగిరే మళ్లీ అన్నాడు.

రాజావారు నవ్వలేదు. తుపాకీని ముంగిట్లో మొద్దుకి కట్టించి, కొత్త మందు కూరించి, దూరంనుంచి తాడు లాగించారు. గొట్టం దస్తగిరి వేలు పెట్టిన చోటే అరటితొక్కలా విచ్చుకుంది.

రాజావారు ఎడమచేతి వేళ్లు ఒకసారి ముడిచి, తెరిచి చూసుకున్నారు. అయిదూ ఉన్నాయి. అప్పుడొచ్చింది నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వారు, సభంతా ఘొల్లుమంది. ఆ చేతి బంగారు కంకణం తీసి దస్తగిరికి తొడిగి, "ఈ చెయ్యి నీ చలవేరా!" అన్నారు.

జోగిపంతులు చల్లగా గుమ్మం వైపు జరుగుతున్నాడు. అచ్చమ్మ అడ్డం నిలబడి ఊదుగొట్టం ఆయన చేతిలో పెట్టింది.

"లండను సరుకు బాబూ, నాబోటి దానికి ఊదడం ఏం తెలుస్తుంది? మీరే రండి. పప్పింకా ఉడకలేదు."