చేపలకు చేసే మర్యాద

నందిమల్ల మహారాజుకు ఓడ వర్తకులు ఓ పెద్ద గాజు తొట్టి తెచ్చిచ్చారు. అడుగున మన్ను, మన్నులో పచ్చటి నీటిమొక్కలు, వాటి మధ్య ఎర్రచేపలు. అది చూసింది మొదలు రాజుగారికి రాజ్యం పట్టలేదు. "నా దర్శనానికొచ్చే ప్రతివాడూ ముందు చేపలకు గుప్పెడు మరమరాలు వెయ్యాలి, తొట్టి పక్కన ఓ దీపం పెట్టాలి" అని ఉత్తర్వు వేశాడు.

ఇంకేం! సభలో భక్తి పొంగిపొర్లింది. మంత్రి గుప్పెడు వేస్తే సేనాపతి దోసెడు వేశాడు. కోశాధికారి ఏకంగా బుట్టే పట్టుకొచ్చాడు. పాపం చేపలు ఎంతని తింటాయి? మిగిలిందంతా అడుగున చేరి కుళ్లింది.

కొన్నాళ్లకు గాజుకు పాచి పట్టింది. మొక్కల ఆకులకు నాచు చుట్టుకుంది. నీళ్లు పచ్చబడి చేపలు కనబడటమే మానేశాయి. తొట్టి చూసుకునే తోటమాలి ఉండబట్టలేక, "తిండీ వెలుతురూ ఎక్కువయ్యాయి ప్రభూ" అన్నాడు. రాజుగారి ఉత్తర్వుకే వంకపెడతాడా! ఆ పూటే వాణ్ణి ఏనుగులు కడిగే పనికి తోలేశారు. ఆ తర్వాత అసలు కారణం అందరికీ తెలిసినా పైకి అనే సాహసం ఎవరూ చెయ్యలేదు.

అప్పుడు దిగాడు ఆస్థాన వైద్యుడు శేషంభట్టు. ఆయనకు 'అభినవ ధన్వంతరి' అని బిరుదు. ఎవరిచ్చారంటారా? ఆయనే ఇచ్చుకున్నాడు. పూటకో చెంబు కషాయం తొట్టిలో పోశాడు. నాచుకు అదెంత రుచించిందో ఏమో, రెట్టింపు పెరిగింది.

"పున్నమికి మా బావమరిది వస్తున్నాడు. ఈ మురుగు చూపించి పరువు పోగొట్టుకోమంటారా?" అని రాజు మండిపడ్డాడు.

"నా కషాయంలో లోపం లేదు ప్రభూ! తొట్టి పక్కనే కూర్చునే ఆ కొమ్మన కళ్లు మంచివి కావు. ఇది దిష్టి!" అన్నాడు శేషంభట్టు.

కొమ్మన ఆస్థానంలో మాటకారి. కషాయాల మీద ఛలోక్తులు విసిరి సభను నవ్విస్తుంటాడు. ఆ కడుపుమంట భట్టుగారికి ఎప్పట్నుంచో ఉంది.

"ఏమోయ్ కొమ్మనా! పున్నమిలోగా నీళ్లు తేటపడకపోతే నువ్వు మా పొలిమేర దాటి పో!" అన్నాడు రాజు.

కొమ్మన దిగులుగా ఇల్లు చేరాడు. ఇంట్లో భార్యకు నెలలు నిండాయి. ఈ స్థితిలో ఆమెను ఏ అడవులు పట్టి నడిపిస్తాడు? పోనీ నిజం చెబుదామా అంటే, తోటమాలికి జరిగిన సత్కారం కళ్లారా చూశాడాయె.

మర్నాడు సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, దిష్టి నాదే. భట్టుగారి గొప్పతనం తెలియక నవ్వాను. కానీ ఒక్క సందేహం. ఇంతటి మహానుభావుడికి మన సభలో చేపపాటి మర్యాద లేదేం?"

శేషంభట్టు గడ్డం పైకెత్తాడు. "నేనూ చాలాకాలంగా అదే అనుకుంటున్నాను."

"ఈ ఒక్కరోజు చేపలకు చేసేదంతా వారికి చేద్దాం ప్రభూ. ఏదీ తగ్గించొద్దు. ఆ పుణ్యానికి నా దిష్టి పోతుందేమో!"

రాజుకు వేడుకగా తోచింది. భట్టుగారిని సభ నడుమ పీట మీద కూర్చోబెట్టారు. చేపలు లేచి వెళ్లిపోవు కాబట్టి ఆయనా లేవకూడదన్నారు. మరమరాలు ఆయన స్థాయికి తక్కువని సున్నుండలు తెప్పించారు.

మంత్రి ఒక ఉండ పెట్టాడు. సేనాపతి రెండు కుక్కాడు. కోశాధికారి బుట్టే ముందు పెట్టుకు కూర్చున్నాడు. వచ్చినవాడల్లా ఓ దీపం వెలిగించాడు. పూటపూటా తొట్టికి పోసే కషాయం కూడా, చెంబుకు చెంబు, భట్టుగారి గొంతులోకే పోయింది.

మొదట్లో ఆయన ముసిముసిగా నవ్వాడు. మధ్యాహ్నానికి నవ్వు పోయింది. మింగలేనివన్నీ ఒళ్లో, చుట్టూ పడి ఈగలు ముసిరాయి. దీపాల సెగకు చెమట కారింది. సాయంత్రం సేనాపతి మళ్లీ ఉండ పట్టుకుని వంగేసరికి భట్టు ఘొల్లుమన్నాడు.

"బాబోయ్, తిండి ఆపండి! ఆ దీపాలు తీసేయండి! కషాయం పారబొయ్యండి! మీ మర్యాద మండా, ఇలా చేస్తే ఏ ప్రాణైనా కుళ్లి చస్తుంది!"

"విన్నారా ప్రభూ! వైద్యులవారు చికిత్స చెప్పేశారు" అన్నాడు కొమ్మన.

"ఎవరికోయ్ చికిత్స?" అన్నాడు రాజు అయోమయంగా.

"చేపలకు ప్రభూ. అవి నోరులేని జీవాలు. అందుకే ఈ పూటకు భట్టుగారి నోరు అరువు తెచ్చుకున్నాను!"

సభ బిగుసుకుపోయింది. రాజు తొట్టి వంక చూశాడు, భట్టు వంక చూశాడు. మొహం ఎర్రబడింది.

ఉన్నట్టుండి రాజుగారి బొజ్జ కదిలింది. పకపకా నవ్వాడు. రాజు నవ్వాడని రూఢి చేసుకున్నాక సభ అంతా విరగబడి నవ్వింది.

"మా వైద్యులవారి మాట మాకు శిరోధార్యం" అన్నాడు రాజు, ఉత్తర్వు తనదన్న ఊసే ఎత్తకుండా. "ఇక చేపలకు రోజుకో చిటికెడు చాలు. దీపాలొద్దు, కషాయమొద్దు. పాచి గీకి, నీళ్లు మార్చి, నాలుగు మొక్కలెక్కువ నాటండి. కొమ్మనా, నువ్వెక్కడికీ పోనక్కర్లేదు, ఇంటికెళ్లి మీ ఆవిడ దగ్గరుండు" అంటూ మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు.

తర్వాత ప్రేమగా శేషంభట్టు వైపు తిరిగాడు.

"ఇంత గొప్ప చికిత్స చెప్పిన మిమ్మల్ని ఊరికే పంపుతామా భట్టుగారూ? ఈ రాత్రికి మా ఇంట మీకు విందు!"

అభినవ ధన్వంతరి పంచె ఎగ్గట్టి వీధివాకిలి వైపు పరుగందుకున్నాడు.