ఫ్రిజ్‌లో మధ్య అర

కామేశ్వరమ్మ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాం" అని లేచి కాఫీకి నీళ్ళు పెట్టేవారు. కాఫీ చేతికి వచ్చేసరికి సగం మందికి తమ ప్రశ్న తమకే అనవసరం అనిపించేది. మిగిలిన సగానికి ఆవిడ తర్వాతెప్పుడో, ఏదో ఒక పనిలో పెట్టి జవాబు చూపించేవారు. నోటితో చెప్పించుకుందామని మేము చాలా ఏళ్ళు ప్రయత్నించి, చేతకాక మానుకున్నాం.

ఆవిడ రాజమండ్రిలో ఆడపిల్లల హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. తమ్ముడి తల్లిలేని పిల్లల్ని పెంచడానికి ఇంగ్లండు వచ్చి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. సైకిళ్ళు బాగుచేసే షాపు మీద రెండు గదులు, పైకి వెళ్ళడానికి ఇరుకు మెట్లు. శనివారం సాయంత్రం ఎనిమిది మందిమి అక్కడ చేరి ఉపనిషత్తులు చదివేవాళ్ళం. నిజం ఒప్పుకోవాలంటే, చదివినదానికంటే తిన్నదే ఎక్కువ.

మాలో వకుళ అందరికంటే చురుకైనది. ఆ ఇంట్లో కత్తిపీట ముందు ఆమె తప్ప ఇంకెవరూ కూర్చునేవారు కాదు. తిన్నాక గిన్నెలన్నీ తోమేదీ ఆమే. నేను ఒకసారి మొహమాటానికి సింకు దగ్గరికి వెళితే, "నువ్వు తోమితే మళ్ళీ నేను తోముకోవాలి, జరుగు" అంది. అలాంటి మనిషి ఆ శనివారం పుస్తకం తెరవకుండా కూర్చుంది. ఏమైందని అమ్మగారు అడిగేలోపే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

యుక్రెయిన్‌లో యుద్ధం మొదలై జనం ఊళ్ళు విడిచి వస్తున్నప్పుడు, ఖాళీ గది ఉన్న ఇళ్ళవాళ్ళు ఆశ్రయం ఇవ్వమని ఇక్కడి ప్రభుత్వం అడిగింది. వకుళా, ఆమె భర్త మురహరీ మర్నాడే పేరు రాయించారు. కొన్ని నెలల తర్వాత, చలికాలం మొదలయ్యాక, వాళ్ళింటికి హలీనా అనే ఆవిడ వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళు. పల్లెటూళ్ళో పాల డైరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. ఒక చేతిసంచీ, ఒక గోధుమరంగు ఉన్ని శాలువా, అంతే ఆవిడ సామాను. వచ్చి రెండు నెలలైంది. ఇప్పుడు ఆవిడ తనను ఇంకో ఊళ్ళో హాస్టలుకు పంపమని కౌన్సిల్ వాళ్ళను, అంటే ఇక్కడి మునిసిపాలిటీని, అడిగింది. గదికి నలుగురు చొప్పున ఉండే హాస్టలు. బుధవారం ఆఫీసరమ్మ వచ్చి ఆవిడ చేత సంతకం పెట్టించుకుంటుంది.

"నేనేం తక్కువ చేశానమ్మగారూ?" అని వకుళ మొదలుపెట్టింది. "ఒక్క పని ముట్టుకోనివ్వలేదు. కంచం దగ్గరికి తెచ్చి పెట్టాను. వద్దన్నా మారు వడ్డించాను. బయటికి వెళతానంటే ఆయనో నేనో కార్లో తీసుకెళ్ళాం, తాళం తీసుకుని ఒంటరిగా తిరగాల్సిన ఖర్మ ఆవిడకెందుకు? కష్టం పైకి చెప్పుకుంటే గుండె తేలికపడుతుందని, ఇంటికి ఎవరొచ్చినా పిలిచి, 'జరిగింది చెప్పండి' అని ఓదార్చాం. కౌన్సిల్ వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు, మనింట్లో ఎవరినైనా ఉంచుకుంటే ఎలా మెలగాలో అని. తాళంచెవి ఇవ్వండి, ఫ్రిజ్‌లో ఒక అర కేటాయించండి, వంటింటి వేళలు మాట్లాడుకోండి, యుద్ధం సంగతి మీరుగా ఎత్తకండి... అదీ వరస. నాకు నవ్వొచ్చింది. ఫ్రిజ్‌లో ఒక అరట! గీత గీసి ఇదిగో నీ వాటా అంటామా మనం? ఇల్లంతా నీదే, ఫ్రిజ్ అంతా నీదే అన్నాను. అయినా ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికే లేచి వచ్చి మెట్ల మీద కూర్చుంటుంది. నేను లేచేదాకా కిందికి దిగదు. ఎన్నిసార్లు చూశానో! ఎందుకమ్మగారూ? ఎక్కడుంది లోటు?"

అమ్మగారు "చూద్దాం" అన్నారు. కాఫీకి నీళ్ళు పెట్టారు. కాఫీ తాగుతున్నప్పుడు, "రేపు ఆదివారం కదా, అందరూ మధ్యాహ్నం భోజనానికి రండి" అన్నారు. అంతే. వకుళ ముఖం చూస్తే, ఇంత బాధ చెప్పుకుంటే భోజనానికి పిలుస్తారేమిటి అన్నట్టు ఉంది. నాకూ అలాగే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే అమ్మగారు మాలో ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. "ఇవాళ వకుళని ఏ పనీ ముట్టుకోనివ్వకండి. మర్యాదకి ఏ లోటూ రానివ్వకండి. కారణం చెప్పకండి." నాకు మాత్రం ఇంకో మాట కూడా అప్పజెప్పారు. ఆ మాట అనడానికి నాకు నోరు రాదని బతిమాలుకున్నాను. ఆవిడ వినలేదు.

వకుళ రాగానే ఒకరు ఆమె కోటు తీసుకుని లోపలి గదిలో ఎక్కడో పెట్టారు. ఇంకొకరు మెత్తని కుర్చీ జరిపారు. ఆమె అలవాటు ప్రకారం కత్తిపీట వైపు నడిచింది. అక్కడ పద్మలత కూర్చుని వంకాయల్ని నానా హింసా పెడుతోంది. "ఇలా ఇవ్వు" అని వకుళ చేయి చాపితే, "అయ్యో, మీరు కూర్చోండి వకుళ గారూ" అంది. పదేళ్ళుగా ఒకరినొకరు నువ్వనుకునే స్నేహితులు వాళ్ళు. వకుళ నవ్వింది, వేళాకోళమనుకుంది. సింకు దగ్గరికి వెళ్ళింది. "మీకెందుకండీ ఈ శ్రమ" అని అక్కడున్నవాళ్ళు అడ్డు నిలిచారు. మంచినీళ్ళకని లేస్తే గ్లాసు ఎదురొచ్చింది. మూడోసారి లేచి, ఎటు వెళ్ళాలో తోచక, మళ్ళీ కూర్చుంది.

భోజనం ఆమెకే ముందు వడ్డించారు. ఆమె ఒక్కతే తింటోంది, మేము చుట్టూ నిలబడి ఉన్నాం. ఇంకొంచెం పప్పు. ఇంకొంచెం నెయ్యి. చాలంటే కూడదు. ఆమె ముద్ద నోటిదాకా తెచ్చినప్పుడు నాకు అప్పజెప్పిన మాట నేను అనేశాను. "మీ అమ్మగారు పోయినప్పుడు మీకు విమానం అందలేదట కదండీ. ఆఖరి చూపు కూడా దక్కలేదట. ఎలా తట్టుకున్నారో చెప్పండి." ఆ ముద్ద ఆమె మింగలేకపోయింది. ఆ రోజు నేనూ మరి తినలేదు. అంత పాపపు మాట నా జన్మలో ఇంకెవరినీ అనలేదు.

వకుళ కంచం పట్టుకుని లేచింది. కంచం కూడా చేతిలోంచి అందుకున్నారు. చేయి కడుక్కుని కోటు కోసం చూసింది, అది ఎక్కడుందో తెలియదు. పదేళ్ళుగా ఏ డబ్బాలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలిగిన ఇంట్లో, తన కోటు ఎక్కడుందని ఎవరినో అడగాలి. అడగలేదు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళి, ఆ ఇరుకు మెట్ల మీద గోడకు ఆనుకుని కూర్చుంది.

కొంచెంసేపటికి అమ్మగారు వెళ్ళి, మోకాళ్ళ నొప్పితోనే, పై మెట్టు మీద కూర్చున్నారు. మేము తలుపు వెనకే నిలబడ్డాం. తప్పే, కానీ నిలబడ్డాం.

"ఏం లోటు జరిగింది వకుళా?"

"ఏ లోటూ జరగలేదమ్మగారూ."

"మరి ఇక్కడెందుకు కూర్చున్నావు?"

వకుళ తను కూర్చున్న మెట్టును చూసింది, కింది మెట్టును చూసింది. చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. ఏడుస్తూనే మధ్యలో నవ్వింది. ఆ నవ్వు వినబడ్డాక మాకు ఊపిరి ఆడింది. అమ్మగారు ఆమె వీపు నిమిరారు. నేను పరుగెత్తుకెళ్ళి కోటు తెచ్చి, "నన్ను క్షమించవే" అన్నాను. "నువ్వు" అని మళ్ళీ పిలవగలిగినందుకే నాకు సగం భారం దిగింది. ఆమె నా చేయి గట్టిగా నొక్కింది.

"గిన్నెలు తోమి వెళతాను" అంది కళ్ళు తుడుచుకుని.

"ఇవాళ వద్దు. ఇంటికెళ్ళు" అన్నారు అమ్మగారు.

తర్వాత జరిగింది వకుళ చెప్పగా విన్నదే. ఇంటికి వెళ్ళగానే ఫ్రిజ్ తెరిచి, మధ్య అరలోంచి ఆవకాయ జాడీ, కరివేపాకు డబ్బా, నాలుగు రోజుల నాటి సాంబారూ తీసేసి, తడిగుడ్డతో తుడిచి, హలీనాను పిలిచి చూపించింది. ఆవిడ ఖాళీ అర వంక చూసి, ఫోన్‌లో ఏదో టైపు చేసింది. వాళ్ళ భాష ఇంగ్లీషులోకి మారి వచ్చింది: ఇది నాదేనా? వకుళ అవునని తలూపింది. ఆవిడ గబగబా పైకి వెళ్ళి వెన్న పొట్లం, మూడు గుడ్లు తెచ్చి ఆ అరలో పెట్టింది. రెండు నెలలుగా ఆవిడ తను కొనుక్కున్న వెన్నను తన గది కిటికీ బయట, గట్టు మీద చలిలో దాచుకుంటోంది. ఫ్రిజ్ అంతా నీదే అన్నారు గాని, ఏ జాడీ జరిపితే ఎవరేమంటారో ఆవిడకేం తెలుసు? అది తెలిసినప్పుడు తనకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైందంది వకుళ.

సోమవారం బజారుకెళ్ళి తాళంచెవి చేయించి ఇచ్చింది. మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకు కింద అలికిడైంది. దొంగలేమోనని మురహరి లేవబోతే, "పడుకోండి, మనావిడే" అని చేయి పట్టి ఆపింది. వంటింట్లో కెటిల్ కూసింది. కాసేపటికి వీధి తలుపు తెరుచుకుంది, బయటినుంచి తాళం పడింది, బూట్ల చప్పుడు వీధి చివరిదాకా వెళ్ళింది. ఆ చప్పుడు వింటూ వకుళ, రెండు నెలల్లో మొదటిసారి, ఏడుదాకా నిద్రపోయింది. బుధవారం ఆఫీసరమ్మ కాగితాలతో వస్తే హలీనా సంతకం పెట్టలేదు. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతోనే, వసంతం దాకా ఇక్కడే ఉంటానని చెప్పింది. ఆఫీసరమ్మకు టీ కూడా ఆవిడే పెట్టి ఇచ్చిందట, వకుళను లేవనివ్వకుండా.

శనివారం వకుళ ఒక స్టీలు గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. అందులో పెరుగు, చాకుతో కోసుకోవాల్సినంత గట్టిగా. ఈ దేశపు చలికాలంలో వకుళ ఇంట్లో పెరుగు ఏనాడూ సరిగ్గా తోడుకోదు, నీళ్ళపెరుగే తింటారు పాపం. ముప్ఫై ఏళ్ళు పాల మధ్య బతికిన హలీనా రెండు నెలలుగా ఆ నీళ్ళపెరుగు చూస్తూ నోరు మెదపలేదు. గురువారం మాత్రం వకుళ తోడు వేయబోతే గిన్నె లాక్కుని, పాలల్లో వేలు ముంచి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ కాచి, తోడు తనే వేసింది. ఊరినుంచి తెచ్చుకున్న ఆ ఒక్క శాలువానూ గిన్నెకు చుట్టి, వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అలమారాలో పెట్టింది.

"అంతేనా అమ్మగారూ! నా పోపుల డబ్బా చోటు మార్చేసింది. పొద్దున్న పది నిమిషాలు వెతుక్కున్నాను. అడిగితే, అది పొయ్యికి దూరంగా ఉంది, ఇక్కడే బాగుంటుంది అని సైగలు. నిజంగానే అక్కడే బాగుంది, ఆ మాట ఆవిడతో చెప్పను గాని" అంది వకుళ. ఫిర్యాదు చేస్తున్న మనిషి ముఖం అంత వెలిగిపోతూ ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

మేమందరం తలా కాస్త పెరుగు తిన్నాం. అమ్మగారు అడుగున మిగిలింది చెంచాతో గీకి తిన్నారు. ఇప్పుడైనా ఏదో చెబుతారని మేము ఎదురుచూశాం. పద్మలత పుస్తకం, కలం కూడా తీసుకుంది. ఆవిడ ఖాళీ గిన్నెను వకుళ వైపు జరిపారు.

"సింకులో పొద్దుటివి కూడా ఉన్నాయి. అన్నీ తోమి, బోర్లించి వెళ్ళు."