అప్పగింత

"కణ్హుడు జ్వరంతో పోయాడు. వానలు మొదలయ్యేలోగా ఇంకొకరిని పంపమన్నారు."

రేవు పట్నం నుంచి వచ్చిన మనిషి ఈ రెండు మాటలూ ఒక్క ఊపిరిలో చెప్పి, మంచినీళ్లు తాగి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. చందముఖుడు అరుగు మీద అలాగే కూర్చుండిపోయాడు.

కృష్ణ ఒడ్డున కొండ మీద ఉన్న ఆ విహారం పెద్ద విద్యాపీఠం. వైద్యం, శిల్పం, గణితం అక్కడ చెప్పేవారు. చదువు ముగిసిన ప్రతి విద్యార్థీ ఒక ఏడాది బయట ఎవరి దగ్గరైనా ఉండి పని నేర్చుకోవాలి. ఎవరిని ఎక్కడికి పంపాలో చూసే బాధ్యత చాలాకాలం పెద్ద భిక్షువు భదంత నాగబోధిది. ఆయన మోకాళ్లు మొరాయించాక అది శిష్యుడు చందముఖుడి చేతికి వచ్చింది.

నాగబోధి కాలంలో ఒక పద్ధతి ఉండేది. విద్యార్థిని ఒంటరిగా పంపేవారు కాదు. గురువు వెంట నడిచి వెళ్లేవాడు. అక్కడ విద్యార్థికి పెట్టే అన్నమే తనూ తిని, విద్యార్థికి చూపించిన చోటే ఒక పూట పడుకుని, ఆ తర్వాతే తిరిగి వచ్చేవాడు. దాన్ని అప్పగింత అనేవారు. పెళ్లికూతుర్ని సాగనంపినట్టు సాగనంపుతున్నారని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నవ్వుకునేవారు.

చందముఖుడికీ అది వృథా ప్రయాసగానే కనిపించింది. అతను చురుకైనవాడు. విహారంలో చదివి పైకొచ్చినవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో ఆరా తీసి, ఏటా ఉత్సవానికి పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టి, మెడలో దండలు వేశాడు. వాళ్లు పొంగిపోయి స్తూపం చుట్టూ రాతి పలకలు పెట్టించారు. పలకల మీద తమ పేర్లు చెక్కించుకున్నారు. అడిగినంతమంది విద్యార్థులను పనిలో చేర్చుకున్నారు. ఇక అప్పగింతలకు తీరిక ఎక్కడిది? విహారం ముద్ర వేసిన తాటాకు చేతికిచ్చి పంపేసేవాడు. చదువు ముగించి ఊరికే కూర్చున్న విద్యార్థి ఒక్కడూ లేకుండా పోయాడు. అందరూ చందముఖుణ్ణి మెచ్చుకున్నారు. చందముఖుడూ తనను తాను మెచ్చుకున్నాడు.

ఆ పూర్వ విద్యార్థులందరిలోకీ పెద్ద పేరు రేవు పట్నంలోని వైద్యుడు సంఘదత్తుడిది. ఆయన దగ్గర చోటు దొరకడమంటే మాటలు కాదు. ఆ చోటు ఈసారి కణ్హుడికి దక్కింది.

కణ్హుడు మందులు నూరుతూ పాడేవాడు. రాగం కుదిరేది కాదు గానీ పాట మానేవాడూ కాదు. బయలుదేరే రోజు మూట భుజాన వేసుకుని, మెట్ల దగ్గర ఆగాడు.

"మీరు రారా, ఆచార్యా?"

"ఏం, ఏటి వెంబడి పోతే రేవు రాదా?" అని నవ్వాడు చందముఖుడు.

కణ్హుడు కూడా నవ్వి మెట్లు దిగిపోయాడు.

ఆ నవ్వు ఇప్పుడు చందముఖుణ్ణి కూర్చోనివ్వలేదు. లేచి గురువు దగ్గరికి వెళ్లి, విన్నది చెప్పాడు.

నాగబోధి కళ్లు నిండాయి. ఆయన తుడుచుకోలేదు.

"వాళ్లమ్మకు చెప్పారా?"

"ఇంకా లేదు. మనిషిని పంపుతాను." చందముఖుడు తల వంచుకున్నాడు. "నాకూ బాధగానే ఉంది, గురువుగారూ. కానీ జ్వరాన్ని ఎవరాపగలరు? సంఘదత్తుడు ఇంకొకరిని అడుగుతున్నాడు. రేవతుడు సిద్ధంగా ఉన్నాడు. ఇప్పుడు కాదంటే ఆయన మనసు కష్టపెట్టుకుంటాడు. మన పిల్లలకు ఇక ఆ గుమ్మం మూసుకుపోతుంది. పంపమంటారా, వద్దంటారా?"

నాగబోధి గోడ పట్టుకుని లేచాడు. మూలనున్న కర్ర అందుకున్నాడు.

"పద, రేవతుణ్ణి దింపి వద్దాం."

"మీరా? ఈ మోకాళ్లతోనా? ఉండండి, పడవ మాట్లాడతాను."

"కణ్హుడు పడవలో వెళ్లాడా?"

చందముఖుడు వెళ్లి రేవతుణ్ణి పిలుచుకొచ్చాడు.

ముగ్గురూ ఏటి వెంబడి నడిచారు. రేవతుడు మూటతో ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి చూసి ఆగుతూ వచ్చాడు. నీడ కనిపించిన చోటల్లా నాగబోధి కూలబడేవాడు. మోకాళ్లు రాసుకుని మళ్లీ లేచేవాడు. దారి పొడుగునా గురువు తిడతాడేమోనని చందముఖుడు ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆయన తిట్టలేదు.

రేవు పట్నంలో సంఘదత్తుడు గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చాడు. స్వయంగా కాళ్లు కడిగాడు. లోపల పీటలు వేయించి, నెయ్యి, తేనె, పాయసం సిద్ధం చేయించాడు.

"కణ్హుడికి ఎక్కడ పెట్టేవాళ్లో అక్కడ పెట్టించు నాయనా," అన్నాడు నాగబోధి. "అతనికి పెట్టిందే పెట్టించు."

సంఘదత్తుడు లోపలి పీటలు తీయించాడు. చివరికి పెరటి వసారాలో మట్టి మూకుళ్లు పెట్టించాడు. రోగులు తాగగా మిగిలిన గంజి, చల్లారిపోయింది. నాగబోధి ఆఖరి చుక్క దాకా తాగాడు. చందముఖుడికి గొంతు దిగలేదు. గురువు చూస్తున్నాడని మింగాడు.

"ఎక్కడ పడుకునేవాడు?"

సంఘదత్తుడు తల దించుకుని దారి చూపించాడు. పెరటి చివర పొడవాటి చావడి ఉంది, కిటికీలు లేవు. ఓడల నుంచి దింపిన జ్వరం రోగులు రెండు వరసలుగా పడుకుని ఉన్నారు. ఆ చివర, రెండు మంచాల సందున, తడినేల మీద ఒక చాప పరిచి ఉంది.

"రాత్రిళ్లు వీళ్లకు దాహమేస్తుంది," అన్నాడు సంఘదత్తుడు. "దగ్గరుంటే మేలని..."

నాగబోధి కర్రతో చాప వైపు చూపించాడు.

"పడుకో, నాయనా."

చందముఖుడు పడుకున్నాడు. చెమ్మ వీపుకు తగిలింది. కుడివైపు రోగి దగ్గాడు. ఆ వేడి ఊపిరి మొహం మీదికే వచ్చింది. అటు తిరుగుదామంటే ఎడమవైపు ఇంకొకరి ఊపిరి. బయట మిట్టమధ్యాహ్నమైనా లోపల చీకటిగా ఉంది.

ఎడమవైపు మంచం మీది ముసలాయన కళ్లు తెరవకుండానే చెయ్యి కిందికి చాచాడు. వేళ్లు చందముఖుడి భుజాన్ని తడిమాయి.

"కణ్హా, నీళ్లు."

చందముఖుడు లేచి ముంత అందుకున్నాడు. ముసలాయన తల ఎత్తి పట్టుకుని తాగించాడు. సగం నీళ్లు ఆయన మెడ మీద పడ్డాయి.

"ఈమధ్య పాడటం మానేశావేమయ్యా?" అన్నాడు ముసలాయన. "పాడు. ఎట్లా పాడినా సరే."

చందముఖుడు ఆ చాప మీదే కూలబడ్డాడు. మొహం చేతుల్లో దాచుకుని, విద్యార్థి చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. గుమ్మంలో నిలబడ్డ రేవతుడు మూటను రెండు చేతులా గుండెకు అదుముకున్నాడు.

నాగబోధి సంఘదత్తుడి వైపు తిరిగాడు.

"నువ్వు ఈ ఇంట్లోనే కదా పని నేర్చుకున్నది. అప్పటి వైద్యుడు నీకు చూపించింది కూడా ఈ చోటే. నేను ఒక పూట ఇక్కడ పడుకుని లేచి, ఆయనతో పోట్లాడి, నీ చాప వసారాలో వేయించాను. గుర్తుందా?"

సంఘదత్తుడు తల అడ్డంగా ఊపాడు.

"లేదు, గురువుగారూ. నా చాప మొదటినుంచీ వసారాలోనే ఉందనుకున్నాను."

చందముఖుడు కళ్లు తుడుచుకుని లేచాడు. రేవతుడి దగ్గరికి వెళ్లి, మూట తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

"రేవతుణ్ణి ఇవాళ ఇక్కడ ఉంచను," అన్నాడు సంఘదత్తుడితో. "చాప ఎక్కడ వేస్తారో ముందు చూసి కబురు పెట్టండి. నేను వచ్చి పడుకుని చూసుకుంటాను. అప్పుడు చూద్దాం. మీకు కోపం వస్తే రానివ్వండి."

సంఘదత్తుడికి కోపం రాలేదు. ఆయన వంగి ఆ చాప చుట్టసాగాడు.

వీధిలో ఎండ కళ్లల్లో పొడిచింది. రేవులో విహారం వైపు వెళ్లే పడవ ఒకటి కట్టేసి ఉంది. చందముఖుడు ఆగాడు.

"మీరూ రేవతుడూ ఆ పడవెక్కి విహారానికి వెళ్లిపోండి, గురువుగారూ. మీరు ఇక నడవలేరు. కణ్హుడి అమ్మకు ఎవరినో పంపి చెప్పించను. నేనే వెళ్తాను. ఆ తల్లి ఏమన్నా నేనే పడాలి. నేనొక్కణ్ణే వెళ్తాను."

నాగబోధి వంగి మోకాళ్లు రాసుకున్నాడు. కర్ర ఆనించి నిలబడ్డాడు.

"నిన్ను మాత్రం ఒంటరిగా పంపుతానా, నాయనా?" అంటూ ముందు నడిచాడు.