పక్కకు చూసిన అమ్మాయి

ఆన్‌లైన్ చదరంగం పోటీల్లో మోసం జరగకుండా చూడడం హేమసుందర్ పని. ఆడేవాళ్ళ ఇళ్ళల్లో కెమెరాలు పెట్టించి, ఎవరి చూపు ఎటు పోతోందో కనిపెడుతూ కూర్చుంటాడు. ఈ పని అతనికి నేర్పింది కర్నూలులో ఉండే గఫూర్ సార్.

ఒకనాడు హేమసుందర్ చిరాగ్గా గురువు దగ్గరికి వచ్చాడు.

"ఆదోని నుంచి లిఖిత అనే అమ్మాయి ఆడింది సార్. మాటిమాటికీ పక్కకే చూసింది. ఎవరో కంప్యూటర్ని అడిగి ఎత్తులు చెబుతున్నారు. ఇక ఆడకూడదని ఆపేశాను. మీరు సరేనంటేనే ఖాయం చేస్తామంటున్నారు నిర్వాహకులు."

"ఆ అమ్మాయిని అడిగావా?"

"అడగడానికేముంది సార్? తప్పు చేయకపోతే ఈపాటికి గొడవ చేసేది. ఇంతవరకూ నోరెత్తలేదు. నిజాయితీగా ఆడేవాళ్ళ కళ్ళు తెర మీద నుంచి కదలవు."

గఫూర్ సార్ అతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి కెమెరా సరిచేశారు.

"ఒక ఆట ఆడదాం. నేను లోపల కూర్చుని ఫోన్‌లో ఆడతాను."

ఆట సగానికి వచ్చింది. హేమసుందర్‌దే పైచేయి. అంతలో లోపల ఏదో ధన్‌మని పడింది. వెంటనే మూలుగు వినిపించింది. హేమసుందర్ కుర్చీని తోసేసి పరుగెత్తాడు.

గఫూర్ సార్ మంచం మీద నింపాదిగా కూర్చుని ఉన్నారు. నేల మీద బిందె దొర్లుతోంది. ఆయన చేతిలోని ఫోన్‌లో ఖాళీ కుర్చీ కనిపిస్తోంది.

"లేచొచ్చావు. నిన్నూ ఆపేయనా?"

హేమసుందర్ తల దించుకున్నాడు. కాసేపటికి లిఖితకు ఫోన్ చేశాడు. గురువు సైగ చేస్తే స్పీకర్ పెట్టాడు.

"అమ్మా, ఆ రోజు పక్కకు ఎందుకు చూశావు?"

"పక్కనే నాన్న మంచం సార్. ఒంట్లో బాగాలేదు. అమ్మ పనికెళ్ళింది. ఆడుతుంటే పిలుస్తూనే ఉన్నాడు. లేస్తే మోసం అంటారని లేవలేదు. ఉత్తినే చూశాను."

"నాన్నకు ఇప్పుడెలా ఉంది?"



"ఆట అయ్యేలోపే పిలవడం మానేశాడు సార్."

అవతల ఆ అమ్మాయి ఫోన్ పెట్టేయలేదు. ఎక్కడో కుళాయి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. అతని బొటనవేలు ఫోన్ కట్ చేయడానికి కదిలింది.

గఫూర్ సార్ ఆ చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు పెట్టేయకు. ఆ పిల్ల పెట్టేదాకా ఉండు."