గంట ఎత్తుకుపోయిన నక్క

ఎండాకాలం వస్తే ఆ ఏట్లో ఇసుక తప్ప ఏమీ మిగలదు. ఊరి పశువులకీ, అడవి మృగాలకీ కలిపి ఇసుకలో ఊరే ఒక్క చెలమే దిక్కు. ముందు తాగేవారికి తేట నీళ్ళు, వెనక వచ్చేవారికి బురద. కొట్టుకు చావడమెందుకని ఏటా వెలగకాయ ఆట పెట్టుకున్నారు. జట్టులో ఒకరు కాయ విసరాలి, తనవాళ్ళు అందుకుని అవతలి గట్టు ముట్టాలి. ఎదుటి జట్టు అడ్డుపడుతుంది. గెలిచినవాళ్ళదే తేట నీరు.

పోయినేడు ఊరి జట్టు ఓడింది. ఆ బురద తాగి జబ్బుపడ్డ మేక పిల్లలు చావు తప్పి బతికాయి. అందుకే ఈసారి గంతయ్య అనే ఊరి కోతిని విసరడానికి పెట్టి, నేర్పే పని పోలన్న అనే ముసలి ఎద్దుకి అప్పగించారు.

"గెలిస్తే గంతయ్య చెయ్యే గెలిపించాలి," అంది మేక.

"నేర్పేవాడు లేకపోతే ఆ చెయ్యి పేలు ఏరుకుంటుంది," అంది గొర్రె. పాపం, దానికి ఎవరూ కాయ విసిరేవారు కాదు.

తుమ్మపొదలో దాక్కుని ఇదంతా చూస్తున్న అడవి జట్టు నక్క నాగులు ముసిముసిగా నవ్వుకున్నాడు. 'పిచ్చిమొహాలు! కోతి ఉత్త తోలుబొమ్మ. ఆడించేది ఎద్దు మెడలో గంట.'

నిజమే. గంట ఒక్కసారి టంగుమంటే ఎడమకి, గలగలమంటే కుడికి విసరాలి. నాగులు పట్టేశాడు. కానీ ప్రతి విసురుకీ ముందు పోలన్న సతాయింపు ఒకటుండేది.

"గంట విన్నావా?"

"విన్నా మావా."

"విని?"

"చూడాలి. ఎవడు ఎక్కడున్నాడో చూడాలి. నిన్నా ఇదే అడిగావు!"

"రేపూ అడుగుతా. విసురు."

'ముసలాడి చాదస్తం,' అనుకుని నాగులు ఆ మాట అక్కడే వదిలేసి, గంట గుట్టు ఒక్కటే పట్టుకుపోయాడు.

పోటీ రోజు ఇరుజట్లూ సమానంగా నిలిచాయి. ఆఖరి విసురు ఊరివాళ్ళది. అంతవరకూ దాచుకున్న గుట్టు నాగులు అప్పుడు తన తోడేళ్ళ చెవిలో ఊదాడు.

గంట గలగలమంది. గంతయ్య చెయ్యి ఎత్తకముందే తోడేళ్ళన్నీ కుడివైపు దూకి మేకని చుట్టేశాయి.

గంతయ్య చూశాడు. ఎడమవైపు గొర్రె ఒంటరిగా, నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

విసిరాడు! గొర్రె అందుకుంది. ముందు తనే నమ్మలేదు, తర్వాత పరుగో పరుగు. గట్టు ముట్టేసింది!

"అన్యాయం!" నాగులు గొంతు చించుకున్నాడు. "గలగలమంటే కుడికి కదా వెయ్యాలి!"

అందరి తలలూ నక్క వైపు తిరిగాయి.

"మా గంట సంగతి నీకెలా తెలుసు నాగులూ?" అన్నాడు పోలన్న నెమ్మదిగా.

అంతే, గట్ల మీద నవ్వులు ఆగితే ఒట్టు. తోడేళ్ళు సైతం తలలు దించుకుని నక్కకి దూరం జరిగాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడూ ఉంటాడు మరి.

"నా గంటనే కాదన్నావు కదరా!" పోలన్న గంతయ్య వీపు నాకాడు.

"విని, చూడమన్నది నువ్వే కదా మావా!"

ముసలి ఎద్దుకి కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషం దాచుకోవడం చేతకాక గంట మోగించుకుంటూ చెలమ దగ్గరికి నడిచాడు. మేక పిల్లలు అప్పటికే మూతులు ముంచి తేట నీళ్ళు తాగుతున్నాయి. నాగులు వంతు వచ్చేసరికి అడుగున బురదే మిగిలింది.

నీతి: గురువు దారి చూపిస్తాడు, గుంత వస్తే దాటాల్సింది మన కాలే.