పడుగుకు పోసిన గంజి

దస్తగిరి మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత అతను చేసిన పని వింటే మీకు ఒళ్ళు మండుతుంది.

పెన్న ఒడ్డున అదొక నేతగాళ్ళ ఊరు. ఊరి చివర రెండు పూరిపాకల్లో హబీబ్ షా అనే ఫకీరు ఉండేవాడు. దస్తగిరి ఆయన శిష్యుడు. ఆ ఏడు ఎగువన కోట మీద దండు పడింది. ఊళ్ళు తగలబడి, జనం కట్టుబట్టలతో ఏటి వెంబడి నడిచి వచ్చారు. నేతగాళ్ళు పెద్దగా ఆలోచించలేదు, ఇంటికొక కుటుంబాన్ని పిలుచుకుపోయారు. ఫకీరు రోజూ పొద్దున్నే పెద్ద కాగుతో గంజి కాయించి ఆ ఇళ్ళకు పంపేవాడు. మోసుకెళ్ళి పోసే పని దస్తగిరిది.

ప్రాణం పెట్టి చేసేవాడు ఆ పని. ఆ గంజి వలస వచ్చినవాళ్ళకే తప్ప ఇంటివాళ్ళకు చుక్క కూడా పోయకూడదని నియమం కూడా పెట్టుకున్నాడు. గురువు చెప్పింది కాదు, సొంత నియమం. ఇల్లు పోయినవాళ్ళూ ఇల్లు ఉన్నవాళ్ళూ ఒకటెలా అవుతారని అతని వాదన. వినడానికి బాగానే ఉంది.

సుంకన్న, ఆదెమ్మ అనే మొగుడూ పెళ్ళాల ఇంట్లో గంగులమ్మ అనే ముసలామె దిగింది, వెంట కోడలు, ముగ్గురు పిల్లలు. పొద్దుటి గంజి దస్తగిరి తెస్తాడు, సరే. మిగతా రెండు పూటలూ? అవి ఆదెమ్మ పొయ్యి మీదివే. ఇరవై రోజులకు ఇంట్లో బియ్యం అడుగంటాయి.

నేతపనిలో ఒక చిక్కుంది. పడుగు నూలును, అంటే బట్టలోని నిలువు పోగులను, వీధిలో బారుగా సాగదీసి, కుంచెతో గంజి పట్టించాలి. పట్టించకపోతే మగ్గం మీద పోగులు పుటుక్కున తెగిపోతాయి. ఆ గంజికీ బియ్యమే కావాలి. ఆదెమ్మ ఉన్న బియ్యం పిల్లలకు వండిపెట్టింది. పడుగు మూలన పడింది, మగ్గం ఆగిపోయింది. ఇంకో నాలుగు రోజులు ఇట్లాగే ఉంటే గంగులమ్మ వాళ్ళను ఇంకెక్కడికైనా పొమ్మని చెప్పక తప్పదని సుంకన్న ఆదెమ్మతో అన్నాడు. పాపం మెల్లగానే అన్నాడు. కానీ ఒంటిగది ఇంట్లో ఎంత మెల్లగా అంటే మాత్రం ఏం లాభం?

గంగులమ్మ చెవిన పడింది. మర్నాటి నుంచి ఆమే, కోడలూ తమ వంతు గంజి తాగడం మానేశారు. రెండు రోజులు కుండలో దాచారు. పులిసినా పడుగుకు పనికొస్తుంది కదా. మూడోనాడు తెల్లవారుతూనే ఆ కుండ తెచ్చి ఆదెమ్మ ముందు పెట్టింది ముసలామె. ఆదెమ్మ వద్దంటే వద్దంది. ముసలామె వినే రకం కాదు.

వీధిలో పడుగు సాగింది. సగం దాకా గంజి పట్టించారో లేదో, కావడి భుజాన వేసుకుని దస్తగిరి వచ్చాడు. వస్తూనే అతనికి జీలకర్ర వాసన తగిలింది. ఫకీరు గంజిలో చిటికెడు జీలకర్ర పొడి వేయిస్తాడు. నూలుకు జీలకర్ర ఎవడు వేస్తాడు?

కావడి దించి వీధి వీధంతా వినేటట్టు అడిగాడు. "ఆకలిగొన్నవాళ్ళ నోటి దగ్గరిది తీసి నూలుకు పూస్తున్నావా తల్లీ?"

గంగులమ్మ అడ్డం వచ్చి, తానే ఇచ్చానని చెప్పింది. ఉండనిచ్చిన ఇంటికి భయపడి అట్లా చెబుతోందని దస్తగిరి అనుకున్నాడు. కుండ ఎత్తుకుని, గిర్రున తిరిగి పాకల దారి పట్టాడు.

హబీబ్ షాకు అప్పుడే జ్వరం తగ్గింది. మూడు రోజుల లంఖణం తర్వాత ఆ పొద్దున గంజి తాగాలనిపించి చిప్ప చేతిలోకి తీసుకున్నాడు. దస్తగిరి జరిగిందంతా చెప్పి, ఆ ముసలామె వాళ్ళను వేరే ఇంటికి మారుస్తానని అనుమతి అడిగాడు.

నోటిదాకా వెళ్ళిన చిప్ప ఆగింది. "పడుగు ఇంకా వీధిలోనే ఉందా?"

"ఉంది బాబా."

"సగం తడిసి ఉందా?"

"అవును బాబా."

ఫకీరు లేచాడు. ఫకీరైతేనేం, నలభై ఏళ్ళుగా నేతగాళ్ళ మధ్య బతికినవాడు. తడిసిన నూలు కుంచె పడకుండా ఎండకు ఆరితే పోగులు ఒకదానికొకటి అంటుకుని తాడైపోతాయని ఆయనకు తెలుసు. కుండ తీసుకుని రమ్మన్నాడు. తన చిప్ప తనే పట్టుకుని, ఆగకుండా నడిచాడు.

సుంకన్న అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఆదెమ్మ ఒక్కతే నూలు ఆరకుండా నీళ్ళు చిలకరిస్తోంది. హబీబ్ షా తన చిప్పలోని గంజి ఆమె మూకుట్లో ఒంపేసి కుంచె అందుకున్నాడు. ఆయనకు చేతకాలేదనుకోండి. అది గోడకు సున్నం కొట్టడం కాదు స్వామీ అని సుంకన్న లేచి వచ్చి చెయ్యి పట్టుకుని నేర్పాడు. సుంకన్న చెప్పినట్టు ఫకీరు బుద్ధిగా విన్నాడు.

దస్తగిరికి ఏడుపొచ్చినంత పనైంది. "బాబా, అది మీ పథ్యం. మూడు రోజుల నుంచి మీ కడుపులో ఏమీ లేదు."

కుంచె ఆపకుండానే అన్నాడు ఫకీరు. "ఈ ఇంట్లో పొయ్యి ఆరిపోతే, రేపు నీ కుండ ఎవరి గుమ్మంలో దించుతావు నాయనా?"

దస్తగిరి కుండ మూకుడు పక్కన పెట్టాడు.

అప్పటికే బారెడు మేర పోగులు అంటుకుపోయాయి. గంగులమ్మ, కోడలు, ఇరుగుపొరుగు వచ్చి చేయి వేశారు. దస్తగిరి ఆదెమ్మ ఎదురుగా, పడుగుకు అవతలి పక్క నిలబడి గోటితో ఒక్కొక్క పోగూ విడదీయసాగాడు. అంత దగ్గరగా ఆమె ముఖం అతను చూడడం అదే మొదలు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, కళ్ళ కింద గుంటలు పడ్డాయి. సిగ్గుతో చచ్చిపోయాడు. చివరికి అడిగాడు.

"అక్కా, నువ్వేమన్నా తిన్నావా?"

పోగుల మీద ఆమె చేతులు ఆగిపోయాయి. పక్కనున్న గంగులమ్మ చెప్పింది. "మేం తిన్నాక తింటుంది నాయనా. మిగిలితే."

ఆదెమ్మ వేళ్ళనిండా గంజి. మోచేయి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.