ఇసుక తొట్టిలో జిగురు

జలీల్‌కు తాను చూసుకునే నీటి యంత్రం మీటరు ముల్లంటే భయం. అన్నం తింటున్నా కళ్లు దాని మీదే.

తుఫానుకు దీవిలోని బావులన్నీ ఉప్పుబారాయి. అప్పటినుంచి దర్గాకూ, పక్కనున్న జాలరిపేటకూ ఒకటే దిక్కు: సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే యంత్రం. నీళ్లు ముందు ఇసుక తొట్టిలో వడపోత అయి, ఆ తర్వాత ఒక సన్నటి పొరలోంచి వస్తాయి. పొరకు పాచి పట్టేకొద్దీ యంత్రం మీది ముల్లు పైకెక్కుతుంది. ఎర్రగీత తాకిందా, పొర పోయినట్టే. ఇంకో పొర లేదు. సముద్రం శాంతించేదాకా పడవ రాదు.

ఇప్పుడు ముల్లు ఎర్రగీతకు వేలెడు దూరంలో ఉంది.

జలీల్ పరుగున వెళ్లి తన గురువు లతీఫ్ బాబా ముందు కూలబడ్డాడు.

"కంటికి కనబడని పురుగులు బాబా! తొట్టిలో ఇసుకంతా జిగురు పట్టి ఉంటే బ్లీచింగ్ పోసి తెల్లగా కడిగేశాను. నీళ్లలోనూ రోజూ పోస్తున్నాను. చంపేకొద్దీ పాచి పెరుగుతోంది. పేటలో పసిపిల్లలున్నారు బాబా, ఏం తాగుతారు?"

"చచ్చినవన్నీ ఎక్కడికి పోయాయి?"

"ఎక్కడికి పోతాయి, నీళ్లలోనే ఉంటాయి."

బాబా లేచాడు. "వంటకు వేళయింది, పద."

ఆరోజు గురువారం. దర్గాకు వచ్చినవాళ్లకు చేపల పులుసు పెడతారు. చేపలు బాగుచేయగానే తలలూ పేగులూ ప్రహరీ బయట బండమీద పిల్లులకు పెట్టడం అక్కడి అలవాటు. బాబా ఈసారి ఆ తట్టను వంటింట్లోనే ఉంచి తలుపు వేశాడు.

కాసేపటికి తలుపు మీద గోళ్ల చప్పుడు. జలీల్ కర్ర పుచ్చుకుని వెళ్లి ఒక పిల్లిని తరిమాడు. ఇంకో రెండు పిల్లులు కిటికీలోంచి లోపలికి దూకాయి. వాటిని తరిమేలోగా ఇంకోటి పులుసు గిన్నె దాకా వచ్చేసింది.

"ఎన్నింటినని కొట్టేది బాబా!"

బాబా తట్ట తీసుకెళ్లి బండమీద కుమ్మరించాడు. గోళ్ల చప్పుడు ఆగిపోయింది. పులుసు గిన్నె దగ్గర ఒక్క పిల్లీ లేదు.

జలీల్ కర్ర కింద పెట్టాడు. బండమీద తింటున్న పిల్లులను చూసి బాబా వైపు తిరిగాడు.

"చచ్చినవే పొర మీది పాచికి మేత బాబా, ఇసుకలోని జిగురు దాన్ని ముందే తినేసేది. పక్కన పడేసిన పాత తొట్టి అడుగున కాస్త జిగురు ఇసుక మిగిలింది."

"బ్లీచింగ్ మానేసి, దాన్ని తెచ్చి తొట్టిలో పరిచెయ్."

"అందులోనూ పురుగులే కదా. నాకు భయంగా ఉంది."

"ఉండనీ బేటా. భయపడుతూనే పరిచెయ్. వాటినీ గుమ్మం బయటే తిననీ."